ఏరోప్లేన్ పాటలో వినిపించే 'అన్న' ఎవరు?

పంటు_ప్రయాణికుడు

న్యూట్రల్ మిల్క్ హోటల్ బృందం పాడిన 'ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ' అనే పాటను నేను 2018 నుంచి వింటున్నాను. మొన్న ఆదివారం ఒక స్నేహితుడి దగ్గర ఆ పాటకు నేను చెప్పుకున్న అర్థం బయటపెడితే, అతడు చాలాసేపు నవ్వి, "నువ్వు ఇన్నాళ్లూ వేరే పాట విన్నావురా" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

మా అన్నయ్య 2016లో పోయాడు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. అస్థికలను ఎర్రగుడ్డ కట్టిన కొత్త ముంతలో పెట్టుకుని, పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్లి, నది సముద్రంలో కలిసేచోట నీళ్లకు అప్పగించాము. రెండేళ్ల తర్వాత బెంగళూరులో నా గదిలో ఉండే కుర్రవాడు ఒక రాత్రి ఈ పాట వినిపించాడు. ఏదో ఒక రోజు మనం చనిపోతాము, మన బూడిద సముద్రం మీద ఎగిరే విమానం నుంచి గాలిలో కలుస్తుంది అని అందులో ఉంది. ఆ తర్వాత వీధిలోంచి సంగీతం, మబ్బుల్లో దీపాలు వస్తాయి. ఆ వెంటనే 'అన్నాస్ ఘోస్ట్ ఆల్ అరౌండ్' అని వస్తుంది. నాకు అది 'అన్న' అనే వినిపించింది. బూడిద, సముద్రం, చుట్టూ అన్న ఆత్మ. ఇంగ్లీషు పాటలోకి తెలుగు మాట ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు తట్టకపోలేదు. తట్టినా దాన్ని గడప దాటి లోపలికి రానివ్వలేదు.

ఆ పేరు నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్‌దని, ఈ సంగతి ప్రపంచమంతటికీ తెలుసని స్నేహితుడు చెబుతున్నాడు. అయితే ఇన్నేళ్లుగా నేను విన్నది తప్పేనా?

మూడో_బెంచీ

పాటల్లో మాటలు తప్పుగా వినడం నేరమైతే నాకు ఈపాటికి యావజ్జీవ శిక్ష పడి ఉండేది. మా ఇంట్లో సుప్రభాతమే ముగ్గురం మూడు రకాలుగా వింటాము.

రికార్డుల_పెట్టె

మీకు కలిగిన నష్టానికి నా సానుభూతి. ఆ మాట ముందుగా చెప్పి, ఇప్పుడు మీ స్నేహితుడి పక్షం వహిస్తున్నాను.

ఈ పాట ఉన్న, ఇదే పేరుగల ఆల్బమ్ 1998 ఫిబ్రవరిలో మెర్జ్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ ద్వారా వచ్చింది. పాటలు రాసి పాడిన జెఫ్ మాంగమ్, ఆన్ ఫ్రాంక్ డైరీ చదివి మూడు రోజులు ఏడ్చానని, కాలంలో వెనక్కి ప్రయాణించి ఆ పిల్లను కాపాడుతున్నట్టు కలలు వచ్చేవని ఆ రోజుల్లోనే స్వయంగా చెప్పాడు. అందులోని 'ఘోస్ట్' అనే పాటలో ఆమె 1929లో తారాజువ్వలో పుట్టిందని ఉంటుంది. ఆన్ పుట్టిన తేదీ 1929 జూన్ 12. 'హాలండ్, 1945' అనే పాటలో ఆమెను పక్కన ఒక్క అక్కతో 1945లో ఒక సాయంత్రం పూడ్చిపెట్టారని ఉంటుంది. ఇన్ని ఆనవాళ్లు ఉండగా, అది ఎవరి అన్నయినా కావచ్చు అంటే కుదరదు. పైగా మీరు చెప్పిన పాదం తర్వాత 'హియర్ హర్ వాయిస్' అని స్త్రీలింగంలో స్పష్టంగా ఉంది కదా, దాన్ని ఏమి చేశారు?

పంటు_ప్రయాణికుడు

దాన్ని 'హియర్ ఎ వాయిస్' అని విన్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మూడో_బెంచీ

మనకు కావలసిన మాట కోసం చెవి ఒక అక్షరాన్ని మింగేస్తుంది. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ధ్వని_పిచ్చి

రికార్డుల_పెట్టె గారు పుట్టిన తేదీలు చూపించి కేసు కొట్టేశారు కానీ, కవిత్వానికి ఆ న్యాయం చెల్లదు. మన ఆలంకారికులు ఈ విషయాన్ని ఎప్పుడో తవ్వి పోశారు. మమ్మటుడి కావ్యప్రకాశంలో 'సూర్యుడు అస్తమించాడు' అనే చిన్న వాక్యం ఉదాహరణగా వస్తుంది. సేనాపతి వింటే శత్రువు మీద పడవలసిన సమయమని, ప్రియుడి కోసం బయలుదేరవలసిన స్త్రీ వింటే అభిసారానికి వేళ అయిందని, కూలి వింటే పని చాలించవచ్చునని, గొల్లవాడు వింటే పశువులను తోలుకురావాలని అర్థమవుతుంది. వాక్యం మారలేదు, వినేవాడు మారాడు. వాచ్యార్థం, అంటే మాట నేరుగా చెప్పేది, ఒకటే అయినా వ్యంగ్యార్థాలకు, అంటే దాని నుంచి స్ఫురించే అర్థాలకు, లెక్క లేదు. పంటు_ప్రయాణికుడు గారికి తోచిన అర్థం కూడా అలాంటిదే.

రికార్డుల_పెట్టె

మంచి ఉదాహరణే. అయితే ఆ నలుగురిలో ఎవరికీ సూర్యుడు ఉదయించాడని అర్థం కాలేదు. అందరికీ అస్తమయం అస్తమయమే. దాని మీద ఎవరి పని వారు కట్టుకున్నారు. ఇక్కడ వాచ్యార్థమే మారిపోయింది. ఆ పాటలో ఉన్న పేరు ఒక ఆడపిల్లది. పదిహేనేళ్ల వయసులో నాజీ శిబిరంలో చనిపోయిన పిల్ల పేరును తుడిచేసి మన ఇంట్లోవాళ్ల పేరు రాసుకోవడం నాకు నచ్చడం లేదు. అంతే.

ధ్వని_పిచ్చి

ఒప్పుకుంటున్నాను. వ్యంగ్యార్థం తెలియాలంటే చెప్పేవాడు ఎవరు, వినేవాడు ఎవరు, సందర్భం ఏమిటి అన్నవి మూడూ కావాలని వాళ్లే అన్నారు. నేను వినేవాడిని మాత్రమే పట్టుకుని మిగిలిన రెండింటినీ వదిలేశాను. కానీ 'తుడిచేయడం' అన్న మాట ఎక్కువ. ఆయన ఆ పేరు తెలిసి తుడవలేదు.

కాలువగట్టు_ఇల్లు

పదకొండేళ్లుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్నాను. ఒక చిన్న విషయం చెప్పాలి. మనం ఇంగ్లీషు అలవాటు కొద్దీ 'ఆన్' అంటాము కానీ ఇక్కడి వాళ్లు అలా పలకరు. ఆ పేరులో చివరి అక్షరం కూడా పలుకుతారు. తెలుగులో రాయవలసి వస్తే 'అన్నె' అని రాయాలి. ఆమె పూర్తి పేరు అన్నెలీస్ మారీ. అందువల్ల పంటు_ప్రయాణికుడు గారి చెవికి తగిలిన శబ్దం, ఆ అమ్మాయిని ఇంట్లో వాళ్లు పిలిచిన పిలుపుకు మనందరి ఉచ్చారణ కంటే దగ్గరగా ఉంది.

మా అమ్మ వచ్చినప్పుడు ప్రిన్సెన్‌హ్రాక్ట్ కాలువ ఒడ్డున ఆ కుటుంబం దాక్కున్న 263వ నంబరు ఇల్లు చూపించాను. గదుల్లో సామాను ఉండదు. వాటిని ఖాళీగానే ఉంచాలని ఆ కుటుంబంలో బతికి బయటపడిన ఒకే ఒక్క మనిషి, తండ్రి ఓటో ఫ్రాంక్ కోరాడు. గోడ కాగితం మీద పిల్లలిద్దరి ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. 1942 జూలై నుంచి 1944 ఆగస్టు 4న పట్టుబడేదాకా అక్కడ దాక్కున్నారు. ఆ గీతల దగ్గర మా అమ్మ ఆగిపోయి, మా ఇంట్లో తలుపు చెక్క మీద నాకూ మా చెల్లికీ గీసిన గీతలు గుర్తు చేసింది. ఆ గదిలో నిలబడి తన పిల్లలను తలుచుకున్నందుకు మా అమ్మ ఎవరి పేరైనా తుడిచేసిందంటారా? రికార్డుల_పెట్టె గారే చెప్పాలి.

రికార్డుల_పెట్టె

అనను. మీ అమ్మగారికి అది ఎవరి గోడో తెలుసు.

మూడో_బెంచీ

చర్చ బరువెక్కింది కనుక ఒక ముఖ్యమైన సందేహం తీర్చండి. ఆ ఆల్బమ్ అట్ట మీద ఉన్న ఆవిడ ముఖం స్థానంలో ఉన్నది బంగాళాదుంపా, అప్పడమా?

రికార్డుల_పెట్టె

డప్పు. పాత పోస్టుకార్డు మీది బొమ్మ తీసుకుని, ముఖం ఉండవలసిన చోట వాద్యానికి బిగించే చర్మం పెట్టారు. దాని మీద ఉన్న మరకల వల్ల ప్రపంచంలో సగం మంది దుంప అనుకుంటారు.

నాస్తివాది_నల్గొండ

ఇంతమంది పండితులు కూర్చున్న చోట నా మాట చేదుగా ఉంటుంది కానీ, ఈ పాటలకు అర్థం లేదన్నది నా అభిప్రాయం. రెండు తలల పిల్లవాడు సీసాలో ఉంటాడు, పియానోల నిండా మంటలు ఉంటాయి, కారట్ పూలకు రాజు ఉంటాడు. నిద్రలో వచ్చిన బొమ్మలను అతడు వరుసగా అతికించాడు. స్వరం బాగుంది, గొంతు చించుకుని పాడాడు, మనకు గుండె పట్టేసింది. ఆ తర్వాత మనమే గుండె ఎందుకు పట్టేసిందో కారణాలు వెతుక్కుంటున్నాము. పెద్ద కంపెనీలతో సంబంధం లేకుండా వచ్చే ఈ ఇండీ పాటలన్నిటికీ ఉన్న జబ్బు ఇదే. అర్థం కాకపోతే లోతుగా ఉందంటారు.

గుంటూరు_కోయిర్

అర్థం లేదంటే ఒప్పుకోలేను. అదే ఆల్బమ్‌లో రెండో పాట మొదలవుతూనే అతడు యేసుక్రీస్తు పేరు పిలిచి, నిన్ను ప్రేమిస్తున్నానని సాగదీసి సాగదీసి పాడతాడు. మొదటిసారి విన్నప్పుడు వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను. మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో పురుషోత్తమ చౌధరి గారి క్రైస్తవ కీర్తనలు పాడుకుంటాము. యేసు పేరును ఎగతాళిగా పలికితే ఎలా ఉంటుందో, ప్రాణం పెట్టి పలికితే ఎలా ఉంటుందో చెవికి తెలిసిపోతుంది. ఇతడి గొంతులో ఎగతాళి లేదు. ఇది చాలామందిని తికమక పెడుతోందని గ్రహించి, ఆల్బమ్‌తో ఇచ్చిన కాగితంలో అతడే వివరణ రాశాడు. తాను పాడిన మాట మనస్ఫూర్తిగానే పాడానని, అయితే ఈ ఆల్బమ్ ఏ ఒక్క మతం మీదా ఆధారపడలేదని, అన్నిటి లోపలా ఒక తెల్లని వెలుగు ఉన్నదన్న నమ్మకం మీద నిలిచిందని అన్నాడు. అర్థం లేని మాటకు ఎవరైనా ఇంత సంజాయిషీ రాస్తారా?

నాస్తివాది_నల్గొండ

సంజాయిషీ రాయవలసి వచ్చిందంటే పాట ఆ పని చేయలేకపోయిందని అర్థం.

గుంటూరు_కోయిర్

మీకు నల్గొండలో ఎవరూ సమాధానం చెప్పలేరు కాబట్టి ఇక్కడికి వచ్చినట్టున్నారు.

అట్లాంటా_అల్లుడు

ఈ బృందం మకాం వేసిన ఏథెన్స్ ఊరు, గ్రీసుది కాదు, జార్జియా రాష్ట్రంలోనిది, మా ఇంటికి గంటన్నర దూరం. 2013 నుంచి 2015 దాకా మళ్లీ కలిసి తిరిగినప్పుడు ఒక కచేరీకి వెళ్లాను. ఫొటోలు, వీడియోలు తీయవద్దని ముందే చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు ప్రతి మాటా కలిపి పాడుతున్నారు, సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు. నా పక్కన ఉన్న పెద్దాయన భుజం పట్టుకుని ఎందుకని అడగలేదు కానీ, ఆ హాల్లో అందరూ ఆమ్‌స్టర్‌డామ్ పిల్ల కోసమే ఏడుస్తున్నారంటే నమ్మలేను.

దీనికి లోకానికి తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికా హాస్యనటుడు స్టీఫెన్ కోల్బర్ట్ టీవీలో తన హాస్య వార్తల కార్యక్రమాన్ని 2014 డిసెంబరు 18న ముగించినప్పుడు, చివర పేర్లు పడుతుండగా 'హాలండ్, 1945' పాట పెట్టాడు. అతడికి పదేళ్ల వయసులో, 1974లో, తండ్రి, ఇద్దరు అన్నలు ఒకే విమాన ప్రమాదంలో పోయారు. ఆ పాటలో తెల్లని బట్టలో చుట్టిన సోదరుడు ఒకడు వస్తాడు. బతికి ఉండటం బాగుందని చెప్పి, ఇప్పుడు తోకచుక్క మంట మీద ఎక్కి వెళ్తున్నాడని, ఇక తిరిగి రాడని ఉంటుంది. ఆ పాటే ఎందుకు పెట్టాడని చూసినవాళ్లు అడగనవసరం లేకపోయింది. ఆ రాత్రి ఆ పాటలో ఉన్నది హాలండ్ కాదు.

రికార్డుల_పెట్టె

ఆ సోదరుడి పాదం గురించి నేను కూడా చాలా రోజులు ఆలోచించాను. ఆన్‌కు అన్నదమ్ములు లేరు. ఉన్నది మార్గో అనే అక్క ఒక్కతే. పాట పేరు, సంవత్సరం, అక్క, అన్నీ ఆమెవే అయినా, ఆ సోదరుడు మాత్రం వేరే ఎవరి ఇంటినుంచో ఆ పాటలోకి వచ్చాడు.

అట్లాంటా_అల్లుడు

చూశారా, ఆ తలుపు తెరిచింది పాట రాసినవాడే.

కాలువగట్టు_ఇల్లు

అసలు వివరాల్లో అతడు అంత ఖచ్చితంగా కూడా లేడు. 'ఓ కమ్లీ' అనే పాటలో ఆమెను అక్కతో, తల్లితో, 500 కుటుంబాలతో కలిపి పూడ్చారని అంటాడు. తల్లి ఈడిత్ చనిపోయింది ఆష్విట్జ్ శిబిరంలో, 1945 జనవరిలో. పిల్లలిద్దరినీ అంతకు ముందే బెర్గెన్-బెల్సెన్ అనే మరో శిబిరానికి తరలించారు. వాళ్లు అక్కడే పోయారు. 'హాలండ్, 1945'లో తుపాకులు రావడానికి కొన్ని వారాల ముందే అని ఉన్నది మాత్రం దాదాపు నిజం. బ్రిటిష్ సేన ఆ శిబిరంలో అడుగుపెట్టింది ఏప్రిల్ 15న. ఆమె ఫిబ్రవరిలోనే చనిపోయి ఉండవచ్చునని ఇప్పుడు ఇక్కడి మ్యూజియం వాళ్లు అంటున్నారు.

రికార్డుల_పెట్టె

తల్లి విషయంలో మీరు చెప్పింది నిజమే. అయితే ఎనిమిది నిమిషాలు దాటిన ఆ పాటను అతడు ఒక్క ఊపులో పాడేశాడు. మైకు సరిచూడటానికి మొదలుపెట్టి ఆపకుండా చివరిదాకా పాడితే, ముగింపులో పక్క గది నుంచి ఎవరో ఆశ్చర్యంతో అరిచిన కేక కూడా రికార్డులో ఉండిపోయింది. అలా పాడేవాడు తల్లిని పిల్లల పక్కన పడుకోబెట్టాడంటే, అది పొరపాటు కాదని, అలా ఉండాలని కోరుకున్నాడని నేను అనుకుంటాను.

మూడో_బెంచీ

తమరు ఇప్పుడు పాటకు సొంత అర్థం చెప్పారని ఈ సభ గమనించింది.

పంటు_ప్రయాణికుడు

అందరివీ చదివాను. మరొక విషయం దాచాను, అది కూడా చెబుతాను. ఆ పాట మధ్యలో ఒక భయంకరమైన పాదం ఉంది. నిన్ను ఎలా తలుచుకుంటానో అని మొదలుపెట్టి, నీ నోట్లోకి నా వేళ్లు పెట్టి, నీ గొంతును అంత మెత్తగా, తీయగా చేసిన కండరాలను కదిలించేవాణ్ణి అంటాడు. ప్రేమపాట అనుకుని వినేవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం అది వింతగా అనిపించలేదు. అన్నయ్యకు ఆఖరి రోజున నోట్లో తులసితీర్థం పోసింది నేనే. దవడ బిగుసుకుని ఉంటే వేలితో పెదవి తీయవలసి వచ్చింది. నీళ్లు పక్కనుంచి కారిపోయాయి. బాగా పాడేవాడు, ఊళ్లో భజనలన్నిటికీ వాడే ముందు ఉండేవాడు. ఆ పాదం విన్నప్పుడు నా వేలికి ఆ చలువ తగులుతుంది. ఇది ఎవరు రాశారో, ఎవరి కోసం రాశారో తెలిసిన తర్వాత కూడా, ఈరోజు మధ్యాహ్నం మళ్లీ విన్నాను. మళ్లీ తగిలింది.

ధ్వని_పిచ్చి

దీనికి నా దగ్గర శాస్త్రం లేదు.

నిమ్మలకుంట_నీడ

ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయని సభ్యుణ్ణి. ఈ పాదం కోసమే రాస్తున్నాను. మా పూర్వులు తోలుబొమ్మలు ఆడించేవారు, ఇప్పటికీ మా ఇళ్లలో చర్మం మీద బొమ్మలు వేస్తారు. తెర వెనక కూర్చున్నవాడు బొమ్మ చేతులు, తల కదిలిస్తూ, సీతకైనా రావణుడికైనా గొంతు తానే ఇస్తాడు. తెర ముందు నుంచి చూసేవాడికి సీతే ఏడుస్తున్నట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తే మీసాలవాడు ఒకడు చెమటలు కక్కుతూ ఏడుస్తుంటాడు.

నోట్లో వేళ్లు పెట్టి కండరాలు కదిలించడం అన్నది నాకు ఆ మీసాలవాడు తనను తాను చూసుకుని చెప్పిన మాటలా అనిపిస్తుంది. చనిపోయిన పిల్ల మాట్లాడలేదు. డైరీలో ఆమె మాటలు 1944 ఆగస్టులోనే ఆగిపోయాయి. అర్ధశతాబ్దం తర్వాత అమెరికాలో ఒక కుర్రవాడు గిటారు పట్టుకుని ఆమె గొంతు తనలో మోగుతోందని పాడుతున్నాడు. అది ఎవరి గొంతు? అతడి గొంతే. ఆమె నోరు తన వేళ్లతో కదిలిస్తున్నానని అతడికి తెలుసు, అందులో ఉన్న వికారం కూడా తెలుసు, అందుకే అంత వికారంగా రాశాడు. ఇందాక రికార్డుల_పెట్టె గారు, మరొకరి పేరు తుడిచి మన పేరు రాసుకోకూడదన్నారు. ఆ అనుమానం పాట రాసినవాడికి మనకంటే ముందే తన మీదే కలిగింది. పంటు_ప్రయాణికుడు గారు నిజంగా వేలు పెట్టి పెదవి తీసిన మనిషి. అతడు ఆ పాదాన్ని నాకంటే బాగా చదివాడు.

రికార్డుల_పెట్టె

ఈ ఆల్బమ్ మీద ఇరవై ఏళ్లుగా దొరికిందల్లా చదువుతున్నాను. ఆ పాదాన్ని ఇలా ఎవరూ చదవగా నేను చూడలేదు. మీరు ఇంకా రాయాలి.

నిమ్మలకుంట_నీడ

రాస్తాను కానీ, నాకు తెలిసిన బృందం ఇదొక్కటే.

నాస్తివాది_నల్గొండ

తోలుబొమ్మ మాట బాగుంది, ఒప్పుకున్నాను. కానీ 'హాలండ్, 1945'లో ఆమె ఇప్పుడు స్పెయిన్‌లో మంటల పియానోలు వాయించే చిన్న పిల్లవాడు అంటాడు, దానికేమంటారు? పునర్జన్మను ఇంగ్లీషులో చెబితే ఇండీ, తెలుగులో చెబితే మూఢనమ్మకమా?

గుంటూరు_కోయిర్

నేను పునర్జన్మను నమ్మను, మీరూ నమ్మరు. మొదటిసారి మనిద్దరం ఒకే పక్షాన ఉన్నాము. అయినా ఆ పాదం నాకు నచ్చుతుంది. కాలంలో వెనక్కి వెళ్లి కాపాడలేనివాడు ముందుకు వచ్చి ఎక్కడో బతికి ఉందని అనుకుంటున్నాడు. అది నమ్మకం కాదు, ఆశ.

ధ్వని_పిచ్చి

ఇంగ్లీషు శ్రోతలు ఆ పాదాన్ని వింత ఊహ అనుకుని ఆగుతారు. మనవాళ్లు ఆగరు. మనవడు పుట్టగానే "మీ తాతే వచ్చాడు" అనే ఇళ్లలో పెరిగిన చెవికి అది వార్తలా వినిపిస్తుంది. పంటు_ప్రయాణికుడు గారూ, ఏరోప్లేన్ పాటలో చివరికి వచ్చే పాదం కూడా చూడండి. ఎప్పుడో ప్రేమించిన ఒకడికి ఇప్పుడు తన పేరే తెలియదు అని ఉంటుంది. అక్కడ పుంలింగమే ఉంది. ఆమె అతడై పుట్టి, పాత పేరు మరిచిపోయాడని నేను చదువుకుంటాను.

అట్లాంటా_అల్లుడు

మా మామగారికి మతిమరుపు జబ్బు వచ్చి రెండేళ్లయింది. ఆ పాదం నేను వేరేగా వింటాను. ఇంతకంటే వివరించను.

చరిత్ర_మాస్టారు

బూడిద విమానం నుంచి చల్లడం అనగానే అందరూ అది కవి ఊహ అనుకుంటున్నారు కనుక ఒక మాట. నెహ్రూ గారు 1954లో రాసిన వీలునామాలో, తన చితాభస్మంలో ఒక గుప్పెడు అలహాబాదు దగ్గర గంగలో కలిపి, మిగిలినదాన్ని విమానంలో పైకి తీసుకువెళ్లి రైతులు కష్టపడే పొలాల మీద చల్లమని కోరారు. 1964లో ఆయన పోయాక అలాగే చేశారు. మా నాన్నగారు ఆ రోజుల్లో ఆకాశంలో ఏ విమానం వెళ్లినా తలెత్తి దండం పెట్టేవారట. మా అబ్బాయి ఈ పాట పెట్టినప్పుడు నాకు మొదట తోచింది నెహ్రూయే. కుర్రవాళ్లు నవ్వారు.

మూడో_బెంచీ

ఒక్క పాటలో ఆన్ ఫ్రాంక్, నరసాపురం అన్నయ్య, అట్లాంటా మామగారు, నెహ్రూ. విమానంలో సీట్లు నిండిపోయాయి.

రికార్డుల_పెట్టె

నా అభ్యంతరాన్ని సవరించుకుంటున్నాను కానీ పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. సోదరుడి పాదం, తల్లి పాదం, ఇప్పుడు నోటి పాదం చూశాక, ఈ పాటలు ఒక్కరికే రాసిచ్చిన దస్తావేజు కాదన్నది నిజం. అయినా ఆ పేరు ఎవరిదో తెలిసి వినడం వేరు, తెలియక వినడం వేరు. మాంగమ్ 1998 తర్వాత చాలా ఏళ్లు కచేరీలు మానేసి, పాటలకు అర్థం చెప్పడం కూడా దాదాపు మానుకున్నాడు. అందువల్ల మిగిలినవి ఆ పేరు, ఆ సంవత్సరాలు మాత్రమే. పంటు_ప్రయాణికుడు గారూ, ఇప్పుడు మీరు వింటుంటే 'హర్' అని వినిపిస్తోందా, ఇంకా 'ఎ' అనేనా?

పంటు_ప్రయాణికుడు

ఇప్పుడు 'హర్' అనే వినిపిస్తోంది. ఇక దాన్ని వినకుండా ఉండలేను. ఆ అక్షరం దగ్గర ఒక పిల్ల వచ్చి నిలబడుతుంది. దానికి ముందున్న 'అన్న' మాత్రం కదలలేదు. ఇద్దరూ ఒకే పాదంలో ఉన్నారు, కొంచెం ఇరుకుగా ఉంది.

శనివారం ఊరికి వచ్చాను. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని అమ్మకు ఈ పాట వినిపించాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ మాట వచ్చేచోట ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆమెకు 'అన్న' అని వినిపించినట్టు లేదు, చిక్కుడుకాయలు గిల్లుతూనే ఉంది. నేను చెప్పలేదు. పాట అయిపోయాక, వెనకాల సన్నగా ఏడుస్తున్న ఆ ఆడమనిషి ఎవరని అడిగింది. అది మనిషి కాదు రంపం అని చెబితే, తనను ఆట పట్టిస్తున్నానని కోప్పడింది.

మూడో_బెంచీ

ఈ విషయంలో నేను అమ్మగారి పక్షం. రంపం ఏమిటి?

రికార్డుల_పెట్టె

కర్రలు కోసే రంపమే. జూలియన్ కోస్టర్ అనే సభ్యుడు దాని పిడిని మోకాళ్ల మధ్య బిగించి, రేకును వంచి, పళ్లు లేని అంచు మీద వయొలిన్ కమాను లాగుతాడు. వంపు పెంచితే శ్రుతి పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఎక్కడా తెగదు కనుక మనిషి గొంతులా ఉంటుంది. వీడియోలు ఉన్నాయి, అమ్మగారికి చూపించండి.

పంటు_ప్రయాణికుడు

చూపించాను. ఆ కుర్రవాడికి వేళ్లు తెగవా అని అడుగుతోంది.